చెఱువులో బండి ఱ

హిందూపురంలో టైపింగ్ సెంటర్ కుర్రాడికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. మా తాత కాలం నాటి క్రయపత్రం చూసుకుంటూ కొత్త పత్రం కొడుతున్నాడు. పాత కాగితం పసుపు దాటి గోధుమరంగులోకి వచ్చేసింది, మడతల దగ్గర చిరిగింది. చెక్కుబంది దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. "మేడమ్, ఇదేం అక్షరం? అ నా, బ నా?" అని స్క్రీన్ మీద నుంచి కళ్లు తిప్పకుండానే అడిగాడు. వంగి చూశాను. "తూర్పు: చెఱువు కాలువ" అని ఉంది. ఇంకు పాలిపోయింది కానీ అక్షరం మాత్రం గుండ్రంగా, బండి చక్రంలా, స్పష్టంగా ఉంది.

"బండి ఱ" అన్నాను. వాడు నా వైపు చూశాడు. నేనేదో వేరే భాష మాట్లాడినట్టు.

పక్కన కుర్చీలో మా నాన్న. మా పరిగి చెరువు కింద ఉన్న ఎకరా నలభై సెంట్లు అమ్మేస్తున్నాడు. అదే మాకు మిగిలిన ఆఖరి ముక్క. నేను బెంగుళూరు నుంచి సంతకం పెట్టడానికి వచ్చాను, అంతకంటే ఆ పత్రంలో నాకు పనేమీ లేదు. "ఏం రాసుండాదో సరిగ్గా చదివి చెప్పు పాపా, హద్దులు తప్పు పడితే మళ్లా తిరగల్ల" అన్నాడు నాన్న. కుర్రాడు ఒక నిమిషం కీబోర్డ్ వెతికి, దొరక్క, అక్కడ ఖాళీ వదిలేసి పడమర హద్దుకి వెళ్లిపోయాడు. తెల్లటి స్క్రీన్ మీద "చె", తర్వాత ఖాళీ, తర్వాత "వు". ఆ ఖాళీ నన్ను చాలా రోజులు వదల్లేదు. ఈ వ్యాసం దాన్నుంచి వచ్చిందే.

(మొదటే చెప్పాలి, ఇది వికారాబాద్ పక్కన ఉండే పరిగి కాదు. మాది హిందూపురం పక్క పరిగి. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. ఊరి పేరు చెప్పిన ప్రతిసారీ ఈ ముక్క కూడా చెప్పాల్సొస్తుంది, అలవాటైపోయింది.)

*

బండి ఱ నా తరానికి కూడా అక్షరమాల చార్టులో మిగిలిపోయిన బొమ్మే. చివర్లో, క్ష పక్కన, ఎందుకుందో తెలీకుండా ఉండేది. పండితులు దీన్నే శకటరేఫం అంటారు. పలికేటప్పుడు ర కీ దీనికీ తేడా లేదని మాకు బడిలో చెప్పారు. తేడా లేనప్పుడు రెండెందుకు అని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఒకప్పుడు తేడా ఉండేది. అదీ ఊరికే ఉచ్చారణలో సోకు కాదు, అర్థాల్ని విడదీసే తేడా. ఏరు అంటే కాడీ ఎద్దులూ కట్టిన నాగలి. ఏరువాకలో ఉన్నది ఆ ఏరే. ఏఱు అంటే పారే నది. నీరు అంటే తాగేది. నీఱు అంటే బూడిద. నివురుగప్పిన నిప్పు అంటామే, ఆ నివురు దీని చుట్టమే. తమిళులు విభూతిని తిరునీఱు అంటారు, అక్కడ కూడా నీళ్ల నీరుకి ఒక ర, బూడిద నీఱుకి ఇంకో ఱ. ఇవాళ మనం రెంటినీ ఒకేలా రాస్తే నీరు, నీఱు, అంటే జలమూ బూడిదా, ఒక్క మాటే అవుతాయి. మా సీమలో అదేమంత పెద్ద అబద్ధం కాదులెండి.

ఆ పాత ఱ ఎలా పలికేదో ఇప్పుడు మన చెవితో వినలేం. కానీ దాని జాడ మన నోట్లోనే ఉంది. ఏఱు పక్కన గట్టుని ఏమంటాం? ఏటి గట్టు. నూఱు పక్కన పదహారు చేరిస్తే? నూట పదహారు. ఆ ట ఎక్కణ్ణుంచి వచ్చింది? ర ఉన్న ఊరుకి ఊరి అంటాం కానీ ఊటి అనం కదా. ద్రావిడ భాషల్ని వెనక్కి తవ్వుకుంటూ వెళ్లినవాళ్లు చెప్పేదేమిటంటే, ఈ ఱ మొదట్లో ర జాతి కాదు. నాలుక కొసని పళ్ల వెనక చిగురుకి ఆనించి ఆపి వదిలే శబ్దం, త కీ ట కీ నడుమ ఎక్కడో ఉండేది. రెండు అచ్చుల మధ్య పడినప్పుడు అది వదులై, అదురుతూ పలికే ఱ అయింది. జంటగా పడిన చోట గట్టిగానే నిలిచి, తెలుగులో చివరికి ట లోకి చేరింది. పెళ్లిలో నూట పదహార్లు చదివించిన ప్రతిసారీ, చచ్చిపోయిన అక్షరం ఒకటి మన కవరు మీద సంతకం పెడుతోంది. (నీరుకి నీటి అంటాం కదా, అక్కడ మామూలు ర నే కదా అని ఎవరైనా పట్టుకోవచ్చు. నిజమే, ఏటిని చూసి నీరు కూడా ఆ వేషం కట్టింది. భాషలో ఇలా పక్కింటివాళ్లని చూసి మారేవి చాలా ఉంటాయి.)

మలయాళీల్ని అడిగి చూడండి. కరి అంటే బొగ్గు, కఱి అంటే కూర. వాళ్లు ఇప్పటికీ రెండింటినీ వేరు చేసి పలుకుతారు. మన తొలి తెలుగు శాసనాలు, రేనాటి చోళులవి, కడప వైపున 6వ శతాబ్దం చివర్లో మొదలైనవి, రెండు ర లనీ వేరుగానే రాశాయి. ఇంకో అక్షరం కూడా రాశాయి, తమిళుల చివరి ళ లాంటి ఴ, అది మన దగ్గర ఇంకా ముందే పోయింది. నన్నయ కాలానికి ఱ బతికే ఉంది. ఆ తర్వాత నోళ్లలో కలిసిపోయింది కానీ పద్యాల్లో మాత్రం కాపలా పెట్టారు. ప్రాసలో ర తో ఱ కలపకూడదని లాక్షణికులు ఏ మాటలో ఏ ర ఉందో పట్టికలు రాసిపెట్టారు. నోటికి తెలిసినదానికి పట్టిక అక్కర్లేదు. పట్టికలు మొదలయ్యాయంటేనే పని అయిపోయిందని అర్థం. 19వ శతాబ్దంలో చిన్నయసూరి బాలవ్యాకరణంలో తెలుగుకి ముప్పైయారు అక్షరాలని లెక్క చెప్పాడు, అందులో ఱ లేదు. ఆ ఆఱులో మాత్రం ఉంది.

*

సూర్యరాయాంధ్ర నిఘంటువు తీస్తే చెఱువు బండి ఱ తోనే ఉంటుంది. దాని దగ్గర్లోనే చెఱ అని ఇంకో మాట. చెఱ అంటే బంధం, ఖైదు. చెఱసాల. లంకలో సీత చెఱ. చెఱపట్టడం. ఈ రెండూ ఒకే చెట్టు కొమ్మలని నాకు ముప్పై ఏళ్లు దాటేదాకా తట్టలేదు.

బరో, ఎమెనో కలిసి కూర్చిన ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు మొదట 1961లో వచ్చింది, సవరించిన కూర్పు 1984లో. అందులో వీటిని ఒకే గుంపులో పెట్టారు. తమిళంలో చిఱై అంటే జైలూ, ఆనకట్టా. మలయాళంలో చిఱ అంటే కట్ట, చెరువు. తెలుగులో చెఱ జైలు, చెఱువు చెరువు. వీటన్నిటి కింద ఉన్న అర్థం ఒక్కటే: అడ్డగించడం, కట్టిపడేయడం, పోనివ్వకపోవడం. అంటే చెఱువు అన్న మాటలో నీళ్లు లేవు. కట్ట ఉంది. ఇంగ్లీషులో చెరువుని ట్యాంక్ అన్నప్పుడు గుంట గుర్తొస్తుంది, లేక్ అన్నప్పుడు దానంతటదే ఏర్పడిన సరస్సు గుర్తొస్తుంది. మన మాట ఆ రెండూ చెప్పదు. ఎవరో పట్టుకుని ఆపారు, అందుకే ఇక్కడుంది అని చెబుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే చోట, అది కూడా నాలుగు పెద్ద వానల్లో అయిపోయే చోట, నీళ్లకి పెట్టుకోగలిగిన పేరు అదే. పారిపోయేదాన్ని పట్టుకుని కూర్చోబెట్టినది.

ఒక జాగ్రత్త చెప్పాలి. చెరపడం, చెరిపెయ్యడం అనే మాటలు ఈ చెట్టువి కావు. అవి చెడు వైపు నుంచి వచ్చాయి. చెవికి ఒకేలా వినపడగానే చుట్టరికం కలిపేస్తే ఈ పనిలో నవ్వులపాలవుతాం. నేనూ మొదట కలిపాను.

కానీ మాట్లాడే తెలుగు ఎంత తమాషా చేస్తుందో చూడండి. మా వైపు ఎవరూ చెరువులో అని పూర్తిగా అనరు. చెర్లో నీళ్లున్నాయి, చెర్లో బర్రెలు పడుకున్నాయి అంటారు. చెరలో ఉంది అన్నది తొందరగా అంటే కూడా చెర్లో ఉంది అనే అవుతుంది. నిఘంటువులు విడదీసి రెండు పేజీల్లో పెట్టినవాటిని మా ఊరి నోరు మళ్లీ ఒకటి చేసింది. తనకి తెలీకుండానే.

*

మా అవ్వ మాత్రం చెరువు అనేది కాదు. కెరె అనేది.

ఆమె పుట్టిల్లు మధుగిరి వైపు, అంటే ఇప్పటి లెక్కలో కర్ణాటక. పరిగికి కోడలిగా వచ్చేనాటికి పదిహేనేళ్లు. "కెరె తుంబింది" అని ఒకసారి అంటే అత్తగారింట్లో ఆడబిడ్డలు పడీపడీ నవ్వారంట. ఆ తర్వాత వాళ్ల ముందర చెరువు అనడం నేర్చుకుంది. కానీ కోపం వచ్చినప్పుడూ, ఒక్కతే ఉన్నప్పుడూ, చివరి ఏడాది మంచం పట్టినప్పుడూ మళ్లీ కెరెనే. "కెరె మింద గాలి కొడ్తాండాది, కిటికీ తియ్యవే" అనేది. అప్పటికి ఆ కిటికీలోంచి చెరువు కనపడేది కాదు, మధ్యలో ఇళ్లు లేచాయి.

నవ్విన ఆడబిడ్డలకి తెలియంది ఏమిటంటే, పాతది అవ్వ మాటే. మొదట్లో అది క తోనే ఉండేది. ఇ, ఎ లాంటి అచ్చుల ముందు వచ్చే క తెలుగులోనూ తమిళంలోనూ చ గా మారింది. కన్నడం మారలేదు. అందుకే వాళ్ల కివి మన చెవి, వాళ్ల కై మన చెయ్యి, వాళ్ల కెడు మన చెడు, వాళ్ల కిరు మన చిరు. వాళ్ల కెరె మన చెఱువు. మరి కన్నడం అన్నిట్లోనూ పాతదాన్నే పట్టుకుందా అంటే, లేదు. అక్కడ ప అంతా హ అయిపోయింది. మన పాలు హాలు, మన పులి హులి, మన పండు హణ్ణు. మా పరిగి మండలంలోనే కొడిగేనహళ్లి ఉంది. పేరులోనే పల్లె కన్నడంలోకి దాటి హళ్లి అయి కూర్చుంది, ఊరేమో తెలుగు రాష్ట్రంలో ఉంది. సరిహద్దు గీసిన మనుషులు శబ్దాల్ని అడిగి గీయలేదు.

ఈ శబ్దాల దాటుడు రాతి మీద కూడా దొరుకుతుంది. హిందూపురం దాటి గౌరీబిదనూరు వైపు వెళ్తే కల్లూడి అనే ఊరు. అక్కడ 1388 నాటి శాసనం ఉంది. హరిహరరాయల కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుగొండలో ఉంటూ, ప్రాణులకి నీరే ప్రాణం కాబట్టి నదిని పెనుగొండకి తీసుకురమ్మని జలసూత్రం తెలిసిన సింగయభట్టుకి చెప్పాడు. సింగయభట్టు కాలువ తవ్వించి సిరువెర చెరువుకి కలిపాడు, దానికి రాజు పేరే పెట్టాడు. ఇంతవరకు మామూలు శాసనమే. నాకు నచ్చింది నది పేరు. అందులో అది హెన్నె. మన పెన్నే. ప పోయి హ వచ్చింది. కానీ ఊరు మాత్రం పెనుగొండె, హెనుగొండె కాదు. రాజు కొడుకు కాపురం ఉన్న కోట పేరు పాతగానే ఉండిపోయింది, రోజూ నీళ్లకి వెళ్లే నది పేరు జనం నోట్లో నలిగి మారింది. ఇది నా ఊహే, శాసనం ఈ కారణం చెప్పదు. కానీ నిత్యం నలిగే మాటలే ముందు అరుగుతాయని అవ్వల దగ్గర పెరిగినవాళ్లెవరికైనా తెలుసు.

మా ఊరి పేరు కూడా అరిగిందే. బాణరాజులు తమ బిరుదుల్లో పరివిపురానికి ప్రభువులమని చెప్పుకున్నారు. పెనుగొండలో దొరికిన గంగరాజుల తామ్రశాసనంలో పరువి విషయం అని ఒక నాడు ఉంది. ఆ పరివి, ఆ పరువి మా పరిగే అని చరిత్రకారులు గుర్తించారు. ఊళ్లో ఎవరికి చెప్పినా "అట్నా" అని ఊరుకుంటారు. ఊరికి రాజధాని కళ ఏమీ మిగల్లేదు. జయమంగళి ఇక్కడి దగ్గర్లోనే వచ్చి పెన్నాలో కలుస్తుంది, అదీ నీళ్లున్న ఏడాది. మిగిలింది చెరువే.

*

ఇక్కడ కాస్త దూరం వెళ్లొస్తాను. దక్షిణాఫ్రికా గాయని మిరియం మకేబా ఒక పాట పాడేది. ఖోసా భాషలో పెళ్లి పాట. టక్‌టక్‌మని చప్పుడు చేసే పురుగు మీద పాట. దాని అసలు పేరు నేను తెలుగు లిపిలో రాయలేను, ఎందుకంటే ఆ శబ్దానికి మనకి అక్షరం లేదు. నాలుకని అంగిలికి అంటించి ఠప్పున లాగితే వచ్చే చప్పుడు అది. ఇంగ్లీషువాళ్లు దాని పేరు పలకలేక 'క్లిక్ సాంగ్' అన్నారని ఆమె కచేరీల్లో నవ్వుతూనే చెప్పేది. ఖోసా అన్న పేరు మొదట్లో కూడా అలాంటి చప్పుడే ఉంది, నాలుక పక్కలతో చేసేది. మా ఊళ్లో బండి తోలేవాళ్లు ఎద్దుల్ని అదిలించడానికి చేస్తారే, అదే. మనకి అది ఎద్దుల భాష, వాళ్లకి అక్షరం.

నాకు ఆసక్తి కలిగించింది ఆ చప్పుళ్లు ఖోసాకి సొంతం కాకపోవడం. అవి పక్కనే ఉన్న ఖోయిసాన్ భాషల నుంచి వచ్చాయి. ఎలా వచ్చాయంటే, కొందరు భాషావేత్తలు ఒక ఆచారం వైపు చూపిస్తారు. హ్లోనిఫా అంటారు. పెళ్లయి వచ్చిన కోడలు మామగారి పేరే కాదు, ఆ పేరులోని అక్షరాలు వచ్చే మాటలు కూడా పలకకూడదు. పాలు అన్న మాటలో మామ పేరు ముక్క ఉంటే పాలకి ఇంకో మాట వెతుక్కోవాలి, లేదా ఆ అక్షరం తీసేసి ఇంకో శబ్దం పెట్టాలి. ఆ పెట్టిన శబ్దాల్లో క్లిక్కులు చేరాయనీ, అలా కోడళ్ల నోటి మీదుగా అవి భాషలోకి దిగాయనీ వాళ్ల వాదన.

ఇది చదివినప్పుడు నాకు అవ్వ గుర్తొచ్చింది. తాత పేరు ఆమె నోట ఒక్కసారి కూడా వినలేదు. రేషన్ కార్డు రాయడానికి వచ్చినవాళ్లు అడిగితే నన్ను ముందుకు తోసేది, "నువ్వు చెప్పవే" అని. వేంకటేశ్వరుడి పేరులో సగం తాత పేరులో ఉండేది కాబట్టి ఏడుకొండలవాడా అనే మొక్కేది, ఇంకో పేరు ఎత్తేది కాదు. ఇక కెరె సంగతి చెప్పనే చెప్పాను. పుట్టింటి శబ్దం మింగేసి అత్తింటి శబ్దం పలకడం. భాషల చరిత్ర పుస్తకాల్లో క చ గా మారింది అని ఒక వాక్యంలో రాసేస్తారు. ఒక్కో ఇంట్లో ఆ వాక్యం కింద ఎవరి మీద ఎవరు నవ్వారో రాయరు.

*

కోడళ్ల మాట వచ్చింది కాబట్టి చెరువు కథల్లోకి వెళ్లక తప్పదు.

అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయారు 14వ శతాబ్దంలో కట్టించిన చెరువు. పక్కన అనంతసాగరం, దాన్నుంచే అనంతపురం ఊరూ పేరూ వచ్చాయి. ఒక జిల్లా పేరే చెరువు నుంచి పుట్టింది. ఆ బుక్కరాయసముద్రం కట్టకి గండి పడితే, ముసలమ్మ అనే కోడలు గండిలోకి నడిచి వెళ్లి ప్రాణం ఇచ్చిందని అక్కడి కథ. పేరు ముసలమ్మ కానీ మనిషి చిన్నదే. కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉన్నప్పుడే ఆ కథని ముసలమ్మ మరణము అనే కావ్యంగా రాశాడు. ఆధునిక తెలుగు కవిత్వం ఎక్కడ మొదలైంది అన్న చర్చలో ఆ కావ్యం పేరు ఇప్పటికీ వస్తుంది. అంటే, చర్చ ఎటు తేలినా, మన ఆధునిక కవిత్వం తొలి అడుగుల్లో ఒకటి చెరువు కట్ట మీదే పడింది.

సరిహద్దు అవతల ఇదే కథకి అక్కచెల్లెలు ఉంది. కన్నడ జానపదంలో కెరెగె హార. హార అంటే బలి, ఆహారం. గౌడ చెరువు తవ్విస్తాడు, నీళ్లు పడవు. శాస్త్రం అడిగితే కోడలిని ఇమ్మంటుంది. పెద్ద కోడళ్లకి ఏదో ఒక అడ్డం ఉంటుంది, చిన్నకోడలు భాగీరథి దొరుకుతుంది. ఆమె పుట్టింటికి వెళ్లి వస్తుంది, ఎవరికీ చెప్పదు, పూజ చేసి మెట్లు దిగుతుంది, నీళ్లు ఒక్కో మెట్టూ ఎక్కుతాయి. దండులో ఉన్న మొగుడు తిరిగొచ్చి విని తనూ అందులోనే దూకుతాడు.

ఈ కథల్ని త్యాగం అని పొగిడే వ్యాసాలు చాలా చదివాను. నాకు ఆ పొగడ్త మింగుడు పడదు. బుక్కరాయసముద్రంలో గండి పూడ్చాల్సింది రాళ్లతోనూ మట్టితోనూ, దానికి డబ్బూ మనుషులూ కావాలి. కోడలు చవక. కానీ మాట వైపు నుంచి చూస్తే ఈ రెండు కథలూ ఒక పాత నిజాన్ని కక్కేశాయి. చెఱ, చెఱువు ఒకటేనని. నీళ్లని కట్టలో పెట్టాలంటే ముందు ఒక మనిషిని కట్టలో పెట్టాలని. ర కీ ఱ కీ తేడా పోయినా, పండితుడు పట్టిక రాయకపోయినా, కథ చెప్పే ఆడవాళ్లకి ఆ చుట్టరికం తెలుసని నాకనిపిస్తుంది. అవ్వ ఈ భాగీరథి పాటని కన్నడంలో పాడేది. పూర్తిగా ఎప్పుడూ పాడలేదు. మెట్లు దిగే చోటికి వచ్చేసరికి ఏదో పని గుర్తొచ్చేది.

*

కట్టడం నిజానికి ఎలా జరిగేదో తెలుసుకోవాలంటే కడప జిల్లా పోరుమామిళ్ల వెళ్లాలి. 1369 నాటి సంస్కృత శాసనం. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు. రెండేళ్లు పట్టింది, రోజుకి వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు. దానిలో చెరువుకి ఉండాల్సిన 12 అంగాలు చెప్పారు: ధర్మం తెలిసిన రాజు, నీటి శాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, తియ్యటి నీటి నది, కట్టకి ఆనుకునే కొండ, రాతి గని, ఇలా. తర్వాత 6 దోషాలు. కట్ట నుంచి నీరు ఊరడం, చౌడు నేల, మధ్యలో మిట్ట, నీళ్లు తక్కువై పొలం ఎక్కువవడం, పొలం తక్కువై నీళ్లు ఎక్కువవడం. ఇంకొకటి ఉంది. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం.

ఆ దోషం చదివి నేను గట్టిగా నవ్వాను. మా ఊరికి తగిలిన దోషం అదే కదా అని. నీళ్లు పైనుంచి, ఇప్పటి కర్ణాటక వైపు నుంచి రావాలి. పైన ఆగితే ఇక్కడ లేవు. 650 ఏళ్ల కిందట రాతి మీద రాసిపెట్టారు, వద్దురా నాయనా అని.

అయినా కట్టారు. ఎంతగా కట్టారంటే, 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకి కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, ఇక్కడ కొత్త చెరువు కట్టే ప్రయత్నం దండగ అని రాశాడు. చెరువు కట్టదగ్గ ప్రతి చోటా జనం ఎప్పుడో కట్టేసుకున్నారు, ఖాళీ మిగల్లేదు అన్నది అతని మాట. కట్ట బాగుచేసేవాళ్లకి దశబంధం మాన్యాలు ఉండేవి. తూము తీసి మూసి ఎవరి మడికి ఎంతసేపో చూసే నీరుగంటి ఉండేవాడు. నిండి మరవ పోతే ఊరంతా గంగమ్మ పూజకి కట్టెక్కేవాళ్లు, మా నాన్న చిన్నప్పుడు ఆ రోజు బడికి సెలవు. నీరుగంటి పోయాడు. బోర్లు వచ్చాయి, బోరుకి నీరుగంటి అక్కర్లేదు. తర్వాత బోర్లూ ఎండాయి. తర్వాత మా తరం బెంగుళూరు రైలెక్కింది.

బెంగుళూరులో కూడా కెరెలే. పరిగి, మడకశిర, హిందూపురం బస్సులు వెళ్లి ఆగే మెజెస్టిక్ బస్టాండ్ ఉన్నది ధర్మాంబుధి కెరె అడుగున. కంఠీరవ స్టేడియం సంపంగి కెరె మీద. మొదటిసారి ఉద్యోగానికి వెళ్తూ తెల్లారుజామున మెజెస్టిక్‌లో దిగి, తల పైకెత్తి ప్లాట్‌ఫారం నంబర్లు చూసుకుంటూ నిలబడింది ఒక చెరువులో అని నాకు పదేళ్ల తర్వాత తెలిసింది. అవ్వ బతికుంటే "చెర్లో దిగినావంటనే" అనేది. ఏ అర్థంలోనో ఆమెనే అడగాలి.

*

టైపింగ్ సెంటర్ సంగతి చెప్పాలి. నాలుగు హద్దులూ అయిపోయాక కుర్రాడు ఖాళీ దగ్గరికి తిరిగొచ్చాడు. "చెరువు అని మామూలుగా కొట్టేస్తా మేడమ్, అందరూ అట్నే కొడ్తారు" అన్నాడు. తప్పేం లేదు. పత్రం చెల్లుతుంది. నేను కూడా ఈ వ్యాసంలో చాలా చోట్ల చెరువు అనే రాశాను, మీరు గమనించే ఉంటారు. చేతికి అదే వస్తుంది.

కానీ ఆ రోజు నాకెందుకో మొండితనం వచ్చింది. అమ్మేస్తున్నాం కదా, కనీసం అక్షరంతో సహా అమ్ముదాం అనిపించింది. "షిఫ్ట్ పట్టుకుని ర నొక్కు" అన్నాను. నొక్కాడు. వచ్చింది. స్క్రీన్‌కి దగ్గరగా వంగి చూశాడు. "భలే ఉంది మేడమ్, చక్రం మాదిరి" అన్నాడు. ఇంకో రెండు సార్లు ఊరికే కొట్టి చూసి చెరిపేశాడు.

కొనేవాళ్లు ఫోన్ చేసి ఎంతసేపని అడుగుతున్నారు. నాన్న కళ్లజోడు తుడుచుకుని ప్రింటు తీసిన కాగితాన్ని దూరంగా పట్టుకున్నాడు. వేలు పెట్టి హద్దులు ఒక్కొక్కటే బయటికి చదివాడు. తూర్పు దగ్గర ఒక్క క్షణం ఆగి, "చెరువు కాలువ" అని మామూలు ర తోనే చదివి, కింద సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు.